చేసినవాళ్ళ ముక్క

నవంబర్ 12

చెల్లికి,

అక్కడ నిన్ను ఎవరేమని పిలుస్తారో నాకు తెలియదు కానీ, ఇక్కడ నువ్వింకా బొంగరానివే. ఫోను చేద్దామనుకున్నాను. కోపమొస్తే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకని ఉత్తరం. దీనికి నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

కింది వాటా టీచరు మొన్న మీ ఊరు వెళ్ళి వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది. మీ బేకరీ అద్దాల బీరువాలో పై అరంతా ఎర్ర రిబ్బను కట్టిన కేకులేనట. వాటి మీద 'అమ్మ క్రిస్మస్ కేకు' అని చీటీలు అంటించారట. ఎవరి అమ్మ అని అడిగితే, గల్లాపెట్టె దగ్గర అమ్మాయి మా దగ్గర పనిచేసే ఆవిడ వాళ్ళ అమ్మ అని చెప్పిందట. టీచరు నా చేతిలో ఖాళీ కాగితం సంచి పెట్టి, మీ చెల్లెలు ఎంత పేరు తెచ్చిందో చూడండి అంది. కేకు దారిలోనే తినేసిందట. సంచి మాత్రం నాకు దక్కింది.

ఒళ్ళు మండింది. దాచుకోవడమెందుకు? అప్పుడు నా మిషను మీద చర్చి పాటల బృందం పిల్లల తెల్ల గౌను ఉంది. ఆ మంటలో చేతికి కుట్టాల్సిన పట్టీ మెడకు కుట్టేశాను. విప్పడానికి గంట పట్టింది.

ఒక్కటి అడుగుతాను. ఆ కేకు చెయ్యడం నీకెప్పుడొచ్చు? అమ్మ చేస్తున్నంతసేపూ నువ్వు స్టూలు మీద కూర్చుని, కాళ్ళూపుతూ, కిస్మిస్‌లు ఏరుకు తినడం తప్ప ఏం చేశావు? పిండి జల్లించింది నేను. ఖర్జూరాల గింజలు తీసింది నేను. టిన్ను అడుగుకు కాగితం కత్తిరించింది నేను, ఆ పని నా అంత బాగా ఎవరూ చెయ్యలేరని అమ్మే అనేది. ఆ టిన్ను ఒక పక్క సొట్టతో సహా నా దగ్గరే ఉంది. అమ్మ చేతిరాతతో ఉన్న కొలతల కాగితమూ నా దగ్గరే ఉంది. మరి నీ దగ్గర ఏముందని ఆ చీటీ అంటించారు?

అమ్మ పోయాక వచ్చిన మూడు క్రిస్మస్‌లకీ ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని, చెంచా తేడా రాకుండా నేనే చేశాను. ఈ ఏడూ నేనే చేస్తాను. అక్టోబరులోనే ఎండుపళ్ళు నానబెట్టాను. సీసా మిషను పక్క అలమరలో ఉంది, రోజుకొకసారి తిరగేస్తున్నాను.

నాన్న బాగున్నారు. దుకాణం మానేసినా, రోజుకు రెండు గడియారాలు బాగుచేస్తేగానీ భోజనం సయించదు. నీ కేకు సంగతి చెబితే తెగ సంబరపడ్డారు. అది ఇంకా మంట.

ఆ చీటీలు తీయించు.

టేపు మెడలో వేసుకుని రుసరుసలాడుతున్న
మీ అక్క


నవంబర్ 21

కొలతలమ్మకు,

అక్కా అనే మొదలుపెట్టాను. నీ ఉత్తరం ఇంకోసారి చదివి ఆ కాగితం పక్కన పెట్టాను.

చీటీ నా ఆలోచన కాదు, మా యజమానురాలిది. రుచి చూసి దీని పేరేమిటని అడిగింది. పేరేమీ లేదండీ, మా అమ్మ చేసేది అన్నాను. మర్నాటికి చీటీలు అచ్చయి వచ్చాయి. వద్దనొచ్చు, అనలేదు. నాకు నచ్చింది. అమ్మ పేరు పై అరలో ఉంటే నీకెందుకు బాధో నాకు అర్థం కాలేదు.

నా పనిగది నువ్వు చూడలేదు. గోడలకు పిండి, తలుపు పిడికి పిండి, తుడిచిన అరగంటకే మళ్ళీ పిండి. మా మాస్టరు నలభై ఏళ్ళుగా ఓవెన్ ముందు నిలబడి కనుబొమలు కాల్చుకున్న మనిషి. అందరినీ పిండి బస్తాలను చూసినట్టే చూస్తాడు, అడ్డంగా ఉంటే పక్కకు జరుపుతాడు. ఆయన దయతలచి, పనయ్యాక చల్లారుతున్న ఓవెన్‌లో ఒక మూల నాకు వదిలేవాడు. మూడేళ్ళు ఆ మూలలో అమ్మ కేకు కోసం వెతికాను. అరవై సార్లు చేసి ఉంటాను, అరవై సార్లూ కాదు. ఈ సెప్టెంబరులో ఒక రోజు ముక్క నోట్లో పెట్టుకున్నాను. అమ్మ వచ్చి పక్కన నిలబడినట్టయింది. బస్తా మీద కూర్చుని ఏడ్చాను. పిండిలో ఉప్పు పడుతుంది, లెమ్మన్నాడు మాస్టరు.

నువ్వన్నది నిజం. నా దగ్గర టిన్ను లేదు, కాగితం లేదు. నాకున్నది నాలుక ఒక్కటే. అమ్మ ఆఖరి ఐదేళ్ళలో నాకు దక్కింది ఏడాదికి నాలుగు రోజులు. మిగతా అమ్మంతా నీకే. అయినా నీకు చాల్లేదు.

ఎప్పటినుంచో అడగాలనుకున్నది ఇప్పుడు అడుగుతాను. మనింట్లో రూలు గుర్తుందిగా. అందరూ తిన్నాక చివరి ముక్క కేకు చేసినవాళ్ళది. అమ్మమ్మ పెట్టిన రూలు, నాన్న కూడా దాన్ని ముట్టుకోరు. అమ్మ ఆ ఐదేళ్ళూ తన ముక్క తను తినలేదు. పళ్ళెంలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసేది. మొదటి ఏడాది మంచినీళ్ళకని వచ్చి సందులోంచి చూశాను. నీ నోట్లో పెడుతోంది. తర్వాత ప్రతి ఏడూ కావాలనే వచ్చి చూశాను. ఏడాదికి ఒక్కసారి ఇంటికొచ్చిన దాన్ని, నన్నొక్కసారైనా పిలిచిందా? నువ్వైనా సగం తుంచి ఇచ్చావా?

ఇంకో సంగతి. నిరుడు నీ కేకు తిని బాగుందన్నాను. అబద్ధం. మూడేళ్ళూ అబద్ధమే ఆడాను. టీ లేకపోతే అది గొంతు దిగదు.

నాన్నకు ఒక కేకు పార్సిలు చేస్తున్నాను. నువ్వు తినకపోయినా ఫర్వాలేదు. వచ్చే నెల ఇరవైనాలుగున వస్తాను, సెలవు దొరికింది.

పిండి చేతులతో,
బొంగరం


డిసెంబర్ 4

బొంగరానికి,

పార్సిలు అందింది. నాన్నే సంతకం పెట్టి తీసుకున్నారు, గడియారాల స్క్రూడ్రైవరుతోనే తాడు తెంపారు. కిటికీ దగ్గర బల్ల మీద స్ప్రింగులూ ముళ్ళూ పక్కకు తోసి, కంటికి భూతద్దం ఇంకా ఉండగానే ముక్క కోసుకున్నారు. అది తిని భూతద్దం తీసి కింద పెట్టారు. రెండో ముక్క తిన్నారు.

"ఇది మీ అమ్మదే" అన్నారు.

నాతో కాదు, కిటికీతో అన్నారు. నేను వెనకాలే చేతిలో కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాను.

నా కేకు తిన్నప్పుడు ఆయన ఏమంటారో తెలుసా? బాగుందమ్మా అని కళ్ళజోడు సర్దుకుంటారు. మూడేళ్ళూ సర్దుకున్నారు. కళ్ళజోడు వదులైందేమోనని నేను వెర్రిదాన్లా తీసుకెళ్ళి బిగింపించాను కూడా.

నేను తినలేదు. నాన్న నా వంతు కాగితంలో చుట్టి మిషను మీద పెట్టారు. దాన్ని దారం బాబిన్ల డబ్బాలో పడేసి మూత పెట్టాను. అసూయ అంటావు. అవును, అసూయే. పేరు పెట్టి రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను, తగ్గడం లేదు. అమ్మ మంచం పక్కన కూర్చున్నది నేను, తల దువ్వింది నేను, మాత్రలు వేళకు వేసింది నేను. నువ్వు ఏడాదికోసారి సంచీ ఊపుకుంటూ వచ్చి, నాలుగు రోజులు నవ్వించి వెళ్ళేదానివి. చివరికి అమ్మ చెయ్యి నీకొచ్చిందా? నాన్న రోజూ నా వంట తిన్నాక నీ పెట్టె తెరిచి సన్నగా ఒక రేకు కోసుకుంటున్నారు. అయిపోతుందని అంత సన్నగా కోస్తున్నారు. నా కూరల్లో ఆయనకు అయిపోతుందని బెంగపెట్టేది ఒక్కటీ లేదు.

చివరి ముక్క గురించి అడిగావు. దాని గురించి నీకు తెలిసింది తక్కువ. జవాబు చెప్పను.

ఇరవైనాలుగున రా. కేకు మాత్రం తేకు. ఈ బల్ల మీద ఒక్క కేకే ఉంటుంది, అది నేను చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి నాన్న ముఖం వంక చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు.

పాటల బృందం గౌన్లు ఇంకా తొమ్మిదున్నాయి. బొత్తాల కాజాలన్నీ చేత్తోనే కుట్టాలి.

అక్క


డిసెంబర్ 9

అక్కా,

కేకు తేవద్దంటే నేనూ రాను. యజమానురాలికి చెప్పేశాను. ఇరవైనాలుగున జనం గుమ్మం దాటి వీధిలోకి నిలబడతారట, నేనుంటే మేలని ఆవిడ సంతోషించింది. నాన్నకు నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నువ్వు ఆ ముక్క తినకపోవడం పంతం కాదు, భయం. తింటే నిజం ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మాస్టరుకు కూడా. నీకు చెప్పేస్తున్నాను, నీకు తెలియదని నీకు తెలియాలి. నువ్వు ఆ కాగితం పట్టుకుని వేలాడుతున్నావు. అమ్మ కేకు ఆ కాగితంలో లేదు. అమ్మ చక్కెరను మూకుడులో నల్లగా పొగ లేచేదాకా మాడ్చేది. ఆ చేదు విరగడానికి రెండు కమలాపళ్ళు తొక్కలతో సహా కోసి అందులో ఉడికించేది. నాకెవరూ చెప్పలేదు. ఒక్కొక్కటే నాలుకతో పట్టుకున్నాను. నువ్వు పక్కనే నిలబడి ఖర్జూరాల గింజలు తీస్తూ కూడా అది చూడలేదంటే, నీ కళ్ళు అమ్మ చేతుల మీద లేవు. అమ్మ నన్నెంత ముద్దు చేస్తోందోనని నా మీద ఉన్నాయి.

క్రిస్మస్ బాగా జరుపుకోండి.

చెల్లి


డిసెంబర్ 14

చెల్లీ,

ఇది నాలుగో కాగితం. మొదటి దాంట్లో నిజం రాయలేదు. రెండో దాంట్లో మరీ సంతోషంగా రాశాను, నాకే సిగ్గేసి చింపాను. మూడోదాన్ని నాన్న చూడకుండా టీ గ్లాసు కింద పెట్టుకున్నారు.

నీ ఉత్తరం మిషను దగ్గరే చదివాను. మాడిన చక్కెర, కమలా తొక్కలు అన్న చోట ఆగిపోయాను. లేచి బాబిన్ల డబ్బా తీశాను. పది రోజులైనా ముక్క మెత్తగానే ఉంది. అంచుకు తెల్ల దారం పోగు అంటుకుంటే తీసేసి తిన్నాను.

అది నా కేకు, చెల్లీ.

ఎనిమిదేళ్ళ కిందట, నువ్వు కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది, అమ్మ చేతులు వణకడం మొదలైంది. చెంచా ఎత్తితే పిండి బల్లంతా చిందేది. ఆ క్రిస్మస్‌కు నన్ను ఓవెన్ ముందు నిలబెట్టి, తను నీ స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్కటీ చెప్పింది. రంగు కోసం చక్కెరను బంగారు రంగు వచ్చేదాకా కరిగించాలని కాగితంలో ఉంటుంది. మూకుడు పొయ్యి మీద పెట్టాను. అప్పుడే ఒకావిడ గౌనుకు కొలతలిస్తానని వచ్చింది. నా సంగతి తెలుసుగా, టేపు చేతిలోకొస్తే లోకం గుర్తుండదు. భుజం, నడుము, పొడవు అన్నీ తీసుకుని వచ్చేసరికి వంటింటినిండా పొగ. అమ్మ పిలుస్తూనే ఉందట, నాకు వినబడలేదు; ఆ వణికే చేతులతో పొయ్యి ఆపడం తనకు చేతకాలేదు. ఇంట్లో ఇంకో చెంచాడు చక్కెర లేదు, దుకాణాలు మూసేశారు, పొద్దున్నే నువ్వొస్తున్నావు. బల్ల మీద రెండు కమలాపళ్ళుంటే తొక్కలతో సహా కోసి ఆ నల్లటి దాంట్లో పడేశాను. అమ్మ రుచి చూసింది. చాలాసేపు చప్పరించింది.

"నోరు మూసుకుని పిండిలో కలిపి టిన్నులో పొయ్యి" అంది.

మర్నాడు నువ్వొచ్చి తిన్నావు. అమ్మను గట్టిగా వాటేసుకుని, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదమ్మా అన్నావు. నేను టిన్ను తోముతున్నాను. అమ్మ నీ భుజం మీంచి నా వంక చూసింది. అప్పుడు నాకు అమ్మ మీదే కుళ్ళొచ్చింది. తల్లి మీద అసూయపడ్డ కూతుళ్ళు ఎక్కడైనా ఉంటారేమో తెలియదు, నేను మాత్రం ఉన్నాను.

అందరూ తిన్నాక అమ్మ చివరి ముక్క తెచ్చి తలుపు వేసింది. "నా చేతులిట్లా అయ్యాయని దానికి చెప్పకు. తెలిస్తే ఉద్యోగం మానుకుని వచ్చి కూర్చుంటుంది" అంది. ఆ వణికే చేత్తోనే నా నోట్లో పెట్టింది. సగం నా గడ్డానికి అంటుకుంది. తర్వాత నాలుగేళ్ళూ అంతే. ప్రతి ఏడూ చక్కెర మాడ్చాను, ప్రతి ఏడూ నువ్వు అమ్మను మెచ్చుకున్నావు. నువ్వు సందులోంచి చూసింది ముద్దు కాదు, రూలు. చేసినవాళ్ళ ముక్క చేసినదానికి ఇచ్చింది. ఇవ్వడానికి తలుపు ఎందుకు వేసిందో ఇప్పుడు నీకు తెలుసు.

అమ్మ పోయాక ఆ మాడిన చక్కెర నాకు మోసంలా తోచింది. ఇకమీదట అమ్మది అమ్మలాగే చెయ్యాలని కాగితం పట్టుకున్నాను. చిన్నప్పుడు కేకు టీలో ముంచుకుని తినేవాళ్ళం గుర్తుందా? ఎందుకనుకున్నావు? నువ్వు గొంతు దిగదన్నది, నాన్న కళ్ళజోడు సర్దుకున్నది అచ్చమైన అమ్మ కేకు తిని. ఆయన కిటికీతో చెప్పింది నా కేకు గురించి. నెల రోజులుగా నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది నా సొంత కేకు మీద.

ఇది తెలిశాక కుళ్ళు పోవాలి కదా. పోలేదు. ఇప్పుడు ఇంకో రకంగా ఉంది. నాకది పొరపాటున వచ్చింది, నువ్వు వెతికి పట్టుకున్నావు. నా పక్కన నిలబడి చూసి ఉంటే ఎవరైనా చేస్తారు. నువ్వు చూడకుండా చేశావు. నాకా నాలుక లేదు.

చీటీలు తీయించకు. అమ్మ పేరు అక్కడే ఉండనీ. ఇది చెప్పి నీ దగ్గర్నుంచి అమ్మను లాక్కున్నానేమోనని భయంగా ఉంది. మూడు కాగితాలు పాడైంది అందుకే. నాన్నకు ఇంకా చెప్పలేదు.

ఇరవైనాలుగున రా. కేకు తెచ్చినా సరే, రా.

మీ అక్క


డిసెంబర్ 20

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. ట్రేలు విసిరేస్తున్నానని మాస్టరు నన్ను ఓవెన్ దగ్గరికి రానివ్వలేదు, ఆ రోజంతా రిబ్బన్లు కట్టే పనిలో పెట్టాడు. ఐదేళ్ళు నేను అమ్మను వాటేసుకుంటుంటే నువ్వు టిన్ను తోముతూ ఊరుకున్నావు. రెండోసారి కుళ్ళొచ్చింది. ఆ రహస్యం కూడా మీ ఇద్దరిదే. కేకులో నాకు భాగం పెట్టారు, దాంట్లో పెట్టలేదు.

మూడోసారి చదివినప్పుడు అమ్మ శాలువా గుర్తొచ్చింది. నేనున్న నాలుగు రోజులూ చేతులు శాలువా లోపలే పెట్టుకునేది. చలి అనుకుని నేను కిటికీలు మూసేదాన్ని. ఆఖరి ఏడాది మెడ దాకా కప్పి వచ్చాను కూడా. కళ్ళు అమ్మ చేతుల మీద లేవని నీకు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మను లాక్కున్నానా అని అడిగావు. కొంచెం లాక్కున్నావు. బస్తా మీద కూర్చుని ఏడ్చింది నీ కేకు తినా అని రెండు రోజులు నా మీద నాకే చిరాకేసింది. చీటీ మార్చి 'అక్క కేకు' అని వెయ్యమని యజమానురాలిని అడిగాను. అక్క పేరు చెబితే ఎవరు కొంటారు, అమ్మే ఉండనీ అంది. కాబట్టి పై అరలో నువ్వు అమ్మ పేరుతో ఉన్నావు. నీకు అలవాటేగా.

సెలవు మళ్ళీ అడిగి తీసుకున్నాను. ఇరవైనాలుగు మధ్యాహ్నానికి వస్తాను. కేకు తేను. నాకు రెండు కావాలి. మొదటిది కాగితం చూసి చెయ్యి, చెంచా తేడా రాకూడదు, అచ్చం అమ్మది. టీ నేను పెడతాను. రెండోది ఇద్దరం కలిసి చేద్దాం. చక్కెర మాడ్చేది మాత్రం నువ్వే, నేను ఎప్పుడూ ఒక్క క్షణం ముందే దించేస్తానని నాకు అనుమానం. నా స్టూలు ఎవరికీ ఇవ్వకు. నాన్నకు చెప్పాలో వద్దో ఆయన రెండూ తిన్నాక చూద్దాం.

ఈ ఉత్తరంతో పాటు చిన్న రేకు డబ్బా వస్తుంది. నిన్న మా పనివాళ్ళందరికీ ఒక కేకు కోశాను. మాస్టరు, పిండి కలిపేవాళ్ళు, గల్లాపెట్టె అమ్మాయి, అందరూ తిన్నాక ఒక ముక్క మిగిలింది. వాళ్ళకు మన రూలు ఎప్పుడో చెప్పాను, అందుకని నువ్వే చేశావుగా, నీదే అని నా ముందుకు జరిపారు. నోటిదాకా వచ్చింది, తినలేదు. కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టాను.

అది నీది. వంటింట్లోకి తీసుకెళ్ళి తిను. ఈసారి తలుపు వెయ్యకు.

నీ
బొంగరం